ఏ బాక్స్ కొనమంటారు?

టెక్సాస్‌లోని మా ఫ్రిస్కోలో మనవాళ్ల పిల్లలకి, ఆటగాళ్ల బొమ్మలుండే బేస్‌బాల్ కార్డుల పిచ్చి పట్టింది. ఆ కార్డులు ప్యాకెట్లలో, ప్యాకెట్లు బాక్సుల్లో వస్తాయి, లోపల ఏ కార్డుందో విప్పేదాకా తెలీదు. నేను ఎప్పటినుంచో కొంటానని తెలిసి, వాళ్ల అమ్మలు నన్నే అడుగుతుంటారు, "అక్కా, ఏ బాక్స్ కొనమంటారు?" అని. నేనూ ఒకటే అడుగుతాను: సంతకం ఉన్న కార్డు ఒక్కటీ రాకపోతే, మిగతావి దాచుకుంటారా, చెత్తబుట్టలో పారేస్తారా?

ఈ ప్రశ్న ఎందుకంటే, టాప్స్ అనే కంపెనీ వేసిన 2024 క్రోమ్ అప్‌డేట్ సెట్‌లో, పిచర్ పాల్ స్కీన్స్ డెబ్యూ ప్యాచ్ కార్డు (మొదటి మేజర్ లీగ్ మ్యాచ్‌లో వేసుకున్న జెర్సీ మీది ప్యాచ్, అతని సంతకం ఉన్నది) లాస్ ఏంజిలస్‌లో ఒక పదకొండేళ్ల పిల్లాడికి దొరికింది. 2025 మార్చిలో అది 11 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. అలాంటి కార్డు ప్రపంచం మొత్తానికి ఒక్కటే. దాని కోసం బాక్సులు కొనేవాళ్లకి నా సలహా, లాటరీ టికెట్ కొనుక్కోండి, కనీసం ఇంట్లో చోటైనా మిగులుతుంది.

కొత్తవాళ్లకి ఏటా మొదట వచ్చే మామూలు సెట్, టాప్స్ సిరీస్ 1 చాలు. 2025 సెట్‌లో 350 కార్డులున్నాయి. కార్డుల షాపుల్లో అమ్మే హాబీ బాక్స్‌లో 20 ప్యాకెట్లు, ప్యాకెట్‌కి 12 చొప్పున 240 కార్డులు. అందులో ఇన్సర్టులూ (సెట్‌లో లెక్కకి రాని అదనపు కార్డులు), ప్యారలెల్సూ (అవే కార్డులు వేరే రంగుల్లో) పోగా మిగిలే వాటితో సెట్ ఎలాగూ నిండదు. జంబో అనే పెద్ద బాక్స్‌లో దాదాపు 400 వస్తాయి, ఒక సంతకం, రెండు రెలిక్కులు (జెర్సీ ముక్కో బ్యాట్ ముక్కో అతికించిన కార్డులు) గ్యారంటీ. హాబీలో సంతకమో రెలిక్కో ఏదో ఒకటే. సెట్ పూర్తి చేయాలని పట్టుదల ఉంటే జంబోయే నయం. పిల్లాడికి ప్యాకెట్ చింపే సరదా తీరడమే ముఖ్యమైతే వాల్‌మార్ట్‌లో బ్లాస్టర్ అనే చిన్న బాక్స్ తీసుకోండి, సంతకం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

టాప్స్‌వాళ్లదే ఇంకో సెట్ బౌమన్, దాని జోలికి నేను పోను. మైనర్ లీగుల్లో ఉన్న కుర్రాళ్ల మొదటి కార్డులకి అక్కడ గిరాకీ. వాళ్లలో ఎక్కువమంది మేజర్ లీగ్ గడప తొక్కరు. రోజూ మైనర్ లీగ్ స్కోర్లు చూసే ఓపిక ఉన్నవాళ్లకి అది సరిపోతుంది. నాకు ఆఫీసు టెన్షన్ చాలు.

నా డబ్బు ఎక్కువగా పోయేది హెరిటేజ్‌కి. పాత టాప్స్ డిజైన్లనే ఏటా ఒకటి చొప్పున తీసి, ఇప్పటి ఆటగాళ్లతో వేస్తారు. 2024లో వచ్చింది 1975 డిజైన్. పైన ఒక రంగు, కింద ఇంకో రంగు, అంచులు ఎంత గోలగా ఉంటాయో! మా ఆయన "ఈ అట్టముక్కలకి ఇంత డబ్బా?" అంటూనే ఆ బాక్స్ విప్పేటప్పుడు పక్కన కూర్చున్నాడు. ఇందులో చివరి వంద నంబర్ల కార్డులు తక్కువగా దొరుకుతాయి, అవన్నీ బాక్సుల్లో వెతకడం దండగ.

ఒక్క ఆటగాడే కావాలంటే అసలు బాక్సే వద్దు. పిచర్ కుమార్ రాకర్ ఉన్నాడు కదా, వాళ్లమ్మ లలిత భారతీయ మూలాలున్నావిడ. మా ఊరి మైనర్ లీగ్ జట్టు రఫ్‌రైడర్స్‌కి ఆడి, 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్ జట్టు రేంజర్స్‌కి వెళ్లాడు. అతని రూకీ కార్డు (మేజర్ లీగ్‌కి వచ్చిన కొత్తలో వేసే కార్డు) కోసం బాక్స్ విప్పితే వస్తుందో రాదో. ఆలెన్‌లో జరిగే డాలస్ కార్డ్ షోకి వెళ్లి బల్లల మీద వెతికితే విడిగానే దొరుకుతుంది. అమ్మేవాళ్లు చెప్పిన ధరకి మాత్రం ఒప్పుకోకండి. మన కూరగాయల బేరం అక్కడ బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా ఆదివారం సాయంత్రం సర్దుకునే వేళ.