తాడిపత్రి బండలు, మా అమ్మ ఊరగాయ జాడీ

అనంతపురంలో ఇల్లు కట్టుకునేవాళ్లు ఎప్పుడో ఒకరోజు తాడిపత్రి బస్సు ఎక్కాల్సిందే, మా వంతు మొన్న వచ్చింది. కింద నేనూ అమ్మా నడుపుకునే టిఫిన్ సెంటర్, పైన మేముండే ఇల్లు, రెండింటికీ బండలు కావాల. మా ఊళ్లో షాపులో అడిగితే నల్ల గ్రానైట్ అడుగు 145 చెప్పినాడు, అదీ ఫోన్ చూసుకుంటానే, తల కూడా ఎత్తకుండా. తాడిపత్రికి పోతే అదే బండ వందలోపు దొరుకుతాదని మా మేస్త్రీ చెప్పినాడు. లారీ బాడుగ, దించే కూలి, జీఎస్టీ అన్నీ కలుపుకుంటే చివరికి ఎంత మిగుల్తాదో లెక్కేసుకుంటా ఉంటే అమ్మ ముందురోజు రాత్రే తేల్చేసింది, "నేనూ వస్తా, బండలు నేను చూడాల" అని.

నేను గ్రానైట్ అనుకుంటే అమ్మకి మొదట్నుంచీ ఒకటే పట్టు. పైనా కిందా, నేలకీ గట్టుకీ, అన్నింటికీ నల్ల నాపబండే. టైల్స్ మాట ఎత్తితే "మధ్యాన్నం దానిమీద పడుకుంటే వీపు చల్లబడ్తాదా?" అని అడుగుతాది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే యాడికి దగ్గర మా ఊర్లో జేజి, అంటే మా నాయనమ్మ ఇంట్లో మే నెల మధ్యాన్నాలు ఆ బండల మీద చొక్కా విప్పి పడుకున్నోణ్ణి నేనే, ఒక బండ వెచ్చబడితే పక్క బండ మీదికి దొర్లేవాణ్ణి.

బస్సు సంగతి చెప్పేదేం లేదు, బుక్కరాయసముద్రం చెరువు దాటినాక నిద్రపోయినా, అమ్మ లేపితే తాడిపత్రి. ఊరు దగ్గర పడ్డామని బోర్డు చూడకుండానే తెలిసిపోతాది, రోడ్డుకి రెండు పక్కలా తెల్లటి రాతిపొడి కుప్పలు, చెట్ల ఆకుల మీద కూడా అదే, ముక్కులో అదే. రాయి కోసినప్పుడు నీళ్లతో కలిసి వచ్చే బురద ఎండిపోయి ఇట్లా అయితాది. ఇంత మందికి అన్నం పెట్టే పని, ఆ పొడిని ఎక్కడ పొయ్యాలో మాత్రం సరిగ్గా చూసుకోకపోతే ఎట్లా అని మనసుకి కష్టమనిపించింది.

మొదట పోయిన గ్రానైట్ యూనిట్ గురించి చెప్పాల, ఇంకా కోపం పోలేదు. షెడ్డులో ఇనుప స్టాండ్లకి ఆనించి పెద్ద పెద్ద స్లాబులు, కరీంనగర్ నుంచి వచ్చే ట్యాన్ బ్రౌన్, చీమకుర్తి గెలాక్సీ, అన్నీ వరసగా. ఒక నల్ల స్లాబు చూపించి అడుగు 95 అన్నాడు. అద్దం లెక్క ఉంది, అమ్మ ముఖం కనిపిస్తోంది అందులో. మా బావమరిది సివిల్ ఇంజినీరు, పోయేముందే చెప్పి పంపించినాడు, నల్ల గ్రానైట్ అయితే దూదికి గోళ్ల రంగు తీసే ద్రావకం తడిపి రుద్ది చూడు, బూడిద రంగు రాయికి నల్లరంగు పట్టించి అమ్మేవాళ్లు ఉంటారు అని. జేబులోంచి చిన్న సీసా తీసి మూలకి రుద్దినా. దూది నల్లగా అయిపోయింది. అడిగితే "పాలిష్ పౌడర్ సార్, మొదట్లో అట్లే వస్తాది" అన్నాడు. పక్క స్టాండులో ఉన్న గెలాక్సీకి రుద్దితే ఏం రాలేదే మరి?

సరే రంగు పట్టించని బండే చూద్దాం అని ఇంకో లాటు దగ్గరికి పోతే అక్కడ కొలత గొడవ. పనివాడు టేపు పట్టుకుని 9 అడుగుల 4 అంగుళాలు, 5 అడుగుల 10 అంగుళాలు అని గట్టిగానే చెప్పినాడు, పుస్తకంలో రాసేటాయన తొమ్మిదిన్నర ఇంటూ ఆరు అని రాసుకున్నాడు. అంటే 54న్నర అడుగులకి 57 అడుగుల డబ్బులు. పది స్లాబులకి పాతిక అడుగులు, 2,400 రూపాయలు గాలికి కట్టాల. పైగా ఒక స్లాబుకి మూల విరిగి ఉంది, అదీ కొలతలోనే. "ఇక్కడ అందరూ ఇంతే సార్" అన్నాడు. అందరూ అంతే కాదని మధ్యాన్నానికి తెలిసింది కానీ ఆ మాట విన్నప్పుడు అమ్మ కొంగు దులుపుకుని బయటికి నడిచేసింది, నేను వెనకాల.

అక్కడ్నుంచి రోడ్డు మీదికి రావడానికి ఆటోకి 150. బండలు కొనడానికి వచ్చినోళ్లంటే చాలు, రేటు వేరే.

రోడ్డు పక్క చిన్న హోటల్లో ఉగ్గాని తిన్నాం, ప్లేటు 40, రెండు మిరపకాయ బజ్జీలు. మేం 35కి ఇస్తాం, బొరుగులు మాది ఇంకా మెత్తగా నానుతాయి, పప్పులపొడి మేం ఎక్కువ వేస్తాం. అయినా ఆకలికి బాగుంది. పైన నిమ్మచెక్క పిండి ఇచ్చినాడు. ఆ నిమ్మచెక్క సంగతి ఇప్పుడెందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తాది.

మేస్త్రీ చెప్పిన రెండో చోటు కొలిమిగుండ్ల రోడ్డు వైపు ఉన్న నాపబండల పాలిష్ ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు, రేకుల షెడ్డు, నాలుగు మిషన్లు, కాళ్ల కింద ఎప్పుడూ నీళ్లు. ఓనరు లేడు. మిషన్ దగ్గర అరవై దాటిన పెద్దాయన ఒకాయన, లుంగీ మోకాళ్ల పైకి కట్టుకుని, రబ్బరు బూట్లు వేసుకుని. వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి, బండ మీద చెయ్యి పెట్టి చూసి చూసి. మమ్మల్ని కూర్చోమని ఆయన పని ఆయన చేసుకుంటా మాట్లాడినాడు.

గ్రానైట్‌కీ దీనికీ తేడా ఆయన నోట విన్నదాకా నాకూ సరిగ్గా తెలీదు. గ్రానైట్ దిమ్మెలుగా వస్తాది, మిషన్‌లో పెట్టి పలకలుగా కొయ్యాల. నాపరాయి అట్లా కాదు, భూమిలోనే పొరలు పొరలుగా పరుచుకుని ఉంటాది, గనిలో పొర సందున గునపం పెట్టి లేపితే పలక లెక్క వచ్చేస్తాది, మళ్లీ అంచులు కోసి పైన పాలిష్ పట్టడమే. అందుకే చవక. ఇక్కడ మనం నాపబండ అంటాం, కర్నూలు వైపు బేతంచెర్ల బండలు, బయట రాష్ట్రాల్లో కడప రాయి. మా చెల్లెలు పూణేలో ఉంటాది, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో వంటగట్టు కింద పలకల్ని అందరూ "కడప్పా" అంటారంట, అది మన కడప పేరే అని చెప్పేదాకా ఆమెకే తట్టలేదు. ఎవరు ఏ పేరు పెట్టినా ఇదంతా సున్నపురాయే. ఈ చుట్టుపక్కల ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఉండేదీ ఈ రాయి కోసమే.

అమ్మ ఇంటికీ టిఫిన్ సెంటర్‌కీ కలిపి ఎన్ని అడుగులు కావాల్నో చెప్పింది. పెద్దాయన మిషన్ ఆపి, "టిఫిన్లు పెట్టే గట్టుకి కూడా ఇదేనా తల్లీ?" అని అడిగినాడు. "ఇదే" అంది అమ్మ. ఆయన ఏం మాట్లాడకుండా పోయి తన క్యారియర్ తెచ్చినాడు. అన్నం, ఎర్రగడ్డ, సగం నిమ్మకాయ. ఆ నిమ్మచెక్కని కొత్తగా పాలిష్ పట్టిన నల్ల బండ ముక్క మీద పిండినాడు, రెండు రూపాయల బిళ్ల అంత. పక్కనే పడున్న గ్రానైట్ ముక్క మీద ఇంకో నాలుగు చుక్కలు.

వంగి చూస్తే నాపబండ మీద రసం అంచున సన్నటి బుడగలు, సూదిమొన అంత. గ్రానైట్ మీద ఏం లేదు, నీళ్ల లెక్క అట్లే ఉంది. ఐదు నిమిషాలు ఆగి రెండూ తుడిచినాడు. గ్రానైట్ ఎట్లుందో అట్లే మెరుస్తోంది. నల్లబండ మీద మాత్రం ఆ బిళ్ల అంత మేర మెరుపు పోయి బూడిద రంగులో మచ్చ. నా వేలు పట్టుకుని దాని మీద పెట్టించినాడు. చుట్టూ గాజు లెక్క జారుతోంది, అక్కడ మాత్రం పలక మీద సుద్ద రాసినట్టు గరుగ్గా ఉంది.

"ఇది మరక కాదు నాయనా, రాయి కరిగింది. సున్నపురాయికి పులుపు పడదు. మీ గట్టు మీద చింతపండు పులుసు, నిమ్మకాయ, చట్నీ, పెరుగు, పొద్దున్నుంచి రాత్రిదాకా ఏదో ఒకటి ఒలుకుతానే ఉంటాది. ఆరు నెలలకి మెరుపంతా పోతాది."

నేను అమ్మ వైపు చూసినా. అమ్మ ఆ మచ్చనే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

జేజి ఇంట్లో వంటింటి మూల బండ మీద ఒక గుండ్రటి వలయం ఉంటాది, జాడీ అడుగు అంత. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఉంది. అమ్మ కొత్త కోడలుగా వచ్చిన ఏడు నిమ్మకాయ ఊరగాయ పెట్టి జాడీ ఆ మూల పెట్టిందంట, అడుగున రసం కారింది, వారం తర్వాత తీసి చూస్తే ఆ వలయం. అబ్బ, అంటే మా తాత ముచ్చటపడి వేయించిన బండలవి. జేజి దాన్ని మర్చిపోలేదు. ఇంటికి చుట్టాలు ఎవరు వచ్చినా "మా కోడలు పడేసిన మరక" అని చూపించేది. పండగ వచ్చిందంటే అమ్మ మూల కూర్చుని దాన్ని రుద్దేది, ఇత్తడి చెంబులు ఎట్లా తోముతారో అట్లా, చింతపండు పెట్టి. నేను పక్కన నీళ్లు పోసేవాణ్ణి. ఎంత రుద్దితే అంత తెల్లగా కనిపించేది, అమ్మ ఇంకా గట్టిగా రుద్దేది.

చింతపండు పెట్టి. పులుపు పెట్టి.

అమ్మ ఇదంతా పెద్దాయనకి చెప్పింది, చాలా మెల్లగా. ఆయన విని, "నీ తప్పేముంది తల్లీ, ఆ రాయి గుణమే అంత. తోమితే పోదు, పాలిష్ రాళ్లతో ఆ ఒక్క బండని పట్టిస్తే పోతాది, గంట పని" అన్నాడు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ముప్పై ఏళ్ల పైన అయింది ఆ జాడీకి. జేజి పోయి ఆరేళ్లు.

తర్వాత అంతా ఆయన చెప్పినట్టే చేసినాం. పైన ఇంటికి నేలంతా నల్ల నాపబండే, రెండు అడుగులవి, అమ్మ కోరిక అది. వంటగట్టుకీ టిఫిన్ సెంటర్ కౌంటర్‌కీ పైన గ్రానైట్, కింద నిలువు పలకలూ అరలూ నాపబండ, పూణేలో చేసేదీ ఇదే పద్ధతంట. మెట్లకీ, కస్టమర్లు తడికాళ్లతో తిరిగే చోటికీ అద్దం పాలిష్ వద్దన్నాడు, ఒకరు జారిపడితే ఆ మెరుపు ఏం చేసుకుంటారు అన్నాడు, గరుగ్గా ఉన్నవే తీసుకున్నాం. ఎండలోకి మోయించి ఒక్కో బండ మీద చెంబెడు నీళ్లు పోసి చూపించినాడు. నీళ్లు ఆరిపోతా ఉంటే పగులు ఉన్నచోట మాత్రం సన్నటి తడి గీత మిగిలిపోతాది, షెడ్డు నీడలో అయితే అది కంటికి ఆనదు. సుత్తి పిడితో తట్టితే మంచి బండ ఖంగుమంటాది, పగులున్నది మొద్దుగా పలుకుతాది. ఇంకో మాట మూడుసార్లు చెప్పినాడు, బండలు పరిచినాక సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రీలు యాసిడ్ పోస్తారు, ఈ బండ మీద పొయ్యనీయొద్దు, పోస్తే ఇల్లంతా జాడీ వలయమే. ఇంటికి రాగానే మేస్త్రీకి మొదట చెప్పింది ఇదే.

అడుగు 32 పడింది నాపబండ. గ్రానైట్ ఆయనే పక్క యూనిట్‌కి తీసుకుపోయి 98కి ఇప్పించినాడు, కొలత అంగుళాలతో సహా రాసినారు, విరిగిన మూల తీసేసి. చేతిలో ఐదొందలు పెట్టబోతే తీసుకోలేదు. అమ్మ మా టిఫిన్ సెంటర్ అడ్రస్ చెప్పి, అనంతపురం వస్తే ఇంటికి రాకుండా పోవద్దని మాట తీసుకుంది.

బుగ్గ రామలింగేశ్వరుణ్ణి చూద్దామనుకున్నాం, గుడి మూసే వేళ అయిపోయింది. అమ్మ బెలుం గుహలు ఎప్పుడూ చూడలేదంటే ఆ సాయంత్రం అక్కడికి పోయినాం. 3,229 మీటర్లు కొలిచినారంట లోపల, మనల్ని పోనిచ్చేది దాంట్లో సగం దాకా. గాలి ఆడక చెమట కారుతోంది. అంత పెద్ద గుహ ఎట్లా అయిందీ అంటే నీళ్లే, వాననీళ్లలో కలిసే కొంచెం పులుపు లాంటిదే వేల వేల ఏళ్లు ఈ సున్నపురాయిని కరిగించుకుంటా పోయింది. అమ్మ ఆ గోడని తడిమి, "ఇదీ అదే రాయేనా?" అంది. అదే అన్నా. ఇంకేం అడగలేదు.

తిరుగు బస్సులో సింగనమల దాటినాక చీకట్లో ఒక్క మాట అంది. "మీ జేజికి చెప్పింటే నమ్మేది కాదులే."

గురువారం లారీ వచ్చింది. నేను కూలీ దగ్గర బేరం ఆడుతుంటే అమ్మ చెంబు పట్టుకుని వీధిలో నిలబడింది. దించిన ప్రతి బండనీ ఎండలో పెట్టించి నీళ్లు పోసి, ఆరేదాకా ఆగి, వంగి చూసింది. హమాలీలు విసుక్కున్నారు, లారీ డ్రైవర్ హారన్ కొట్టినాడు, ఆమె కదల్లేదు. మూడు బండలు పక్కన పెట్టించింది. వాటి మీద తడి గీత ఇంకా ఉంది.