అరగంట కాల్‌కి డబ్బు ఎవరిస్తారు?

ఇంగ్లండ్‌లో డొమిసిలియరీ కేర్ అంటే పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి ఒళ్లు తుడవడం, ప్యాడ్ మార్చడం, మందులివ్వడం, ఇంత తినిపించి మళ్లీ కారెక్కడం. ఇలా ఒక ఇంటికి ఒకసారి వెళ్లి రావడమే ‘కాల్’. స్టూడెంట్ వీసా మీద వచ్చి ఇందులోకి మారినవాళ్లు, నేరుగా కేర్ వీసా మీద దిగినవాళ్లు మనలో బాగానే ఉన్నారు. పని కొన్ని వారాల్లో చేతికొస్తుంది. దాని వెనక డబ్బు ఎటునుంచి ఎటు పోతోందో మాత్రం ఏళ్లు గడిచినా చాలామంది పట్టించుకోరు. అది తెలియకపోతే రోటా (ఎవరు ఎప్పుడు ఎక్కడికెళ్లాలో చెప్పే డ్యూటీ పట్టిక) ఎందుకలా ముక్కలుగా ఉందో, పే స్లిప్‌లో గంటలు ఎక్కడ మాయమయ్యాయో అంతుపట్టదు.

ఇక్కడ వైద్యం ఉచితం గదా, కేర్ కూడా అంతే అనుకుంటాం. కాదు. 1948 జూలై 5న ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. కేర్‌ని మాత్రం వేరే చట్టం కింద కౌన్సిళ్ల, అంటే స్థానిక ప్రభుత్వాల, నెత్తిన పెట్టారు. ఆస్పత్రి మంచం మీద ఉన్నన్నాళ్లు బిల్లుండదు. అదే మనిషి ఇంటికొచ్చాక స్నానానికి సాయం కావాలంటే, తొలి కొద్ది వారాల రీఏబుల్‌మెంట్ (మళ్లీ సొంతంగా పనులు చేసుకునేలా చేసే ఉచిత సాయం) దాటాక, ఆస్తిపాస్తుల లెక్క చెప్పాలి. కేర్ యాక్ట్ 2014 ప్రకారం అవసరాల అసెస్‌మెంట్ ఎవరికైనా ఉచితమే. ఆ తర్వాతదే ఆర్థిక లెక్క. పొదుపు 23,250 పౌండ్లు దాటితే ఖర్చంతా సొంతం. 14,250 లోపుంటే పొదుపు జోలికి రారు గానీ పెన్షన్‌లోంచి కొంత కట్టించుకుంటారు. మధ్యలో ఉంటే ప్రతి 250 పౌండ్లకు వారానికో పౌండు ఆదాయం వస్తున్నట్టు రాసుకుంటారు. ఈ హద్దులు 2010 నుంచి కదల్లేదు. జీవితం మొత్తంలో 86,000 పౌండ్లకు మించి కట్టక్కర్లేదంటూ ఊరించిన పరిమితిని 2024 జూలైలో ఎత్తేశారు.

ఇంట్లోనే ఉండి కేర్ తీసుకుంటే ఇంటి విలువ లెక్కలోకి రాదు. కేర్ హోంకి శాశ్వతంగా మారితే మొదటి 12 వారాల తర్వాత వస్తుంది. భార్యో భర్తో, 60 దాటిన బంధువో ఆ ఇంట్లో ఉంటే అప్పుడూ రాదు. ముందే పిల్లల పేర రాసేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఫీజు తప్పించుకోవడానికే రాశారని కౌన్సిల్‌కి తోస్తే, ఆ ఇల్లు ఇంకా వాళ్లదే అన్నట్టు లెక్క కడుతుంది. స్కాట్లండ్‌లో ఈ బాధ కొంత తక్కువ. అక్కడ పర్సనల్ కేర్ 2002 నుంచి 65 దాటినవాళ్లకు ఉచితం.

ఇక మన కాల్ దగ్గరికి వద్దాం. చాలా చోట్ల కౌన్సిల్ ఏజెన్సీకి (మనల్ని పనిలో పెట్టుకున్న కేర్ కంపెనీకి) కట్టేది గుమ్మం లోపల గడిపిన నిమిషాలకే. కీ సేఫ్‌లోంచి (గుమ్మం దగ్గర కోడ్‌తో తెరిచే పెట్టెలోంచి) తాళంచెవి తీసి, ఫోన్‌తో ట్యాగ్ స్కాన్ చేస్తే గడియారం మొదలవుతుంది, వెళ్లేటప్పుడు మళ్లీ స్కాన్. నడుమ దారిలో పోయే సమయానికి విడిగా పైసా రాకపోతే ఏజెన్సీ దాన్ని ఎక్కడ సర్దుతుంది? మన జీతంలో. పొద్దున 7కి బయల్దేరి రాత్రి 10కి ఇల్లు చేరినవాళ్ల పే స్లిప్‌లో 8 గంటలే కనపడటం అందుకే.

చట్టం ఒప్పుకోనిది ఇక్కడే. ఒక క్లయింట్ ఇంటి నుంచి ఇంకో క్లయింట్ ఇంటికి పోయే సమయం కనీస వేతనం లెక్కలో పని సమయమే. మన ఇంటి నుంచి మొదటి కాల్‌కి, చివరి కాల్ నుంచి మన ఇంటికి పట్టేది మాత్రం కాదు. గంటకు 13.50 పౌండ్ల చొప్పున 8 గంటలకు 108 ఇచ్చారనుకోండి. కాల్స్ మధ్య ప్రయాణం 2 గంటలు ఉంటే 108ని 10తో భాగించాలి. గంటకు 10.80 పడుతుంది. 2026 ఏప్రిల్ నుంచి 21 దాటినవాళ్లకు కనీసం 12.71. ఈ సగటు ఒక్క రోజుకి కాదు, జీతం లెక్కించే కాలం మొత్తానికి తీస్తారు. అందుకే ఒక పుస్తకంలో కాల్ ముగిసిన టైము, తర్వాతి కాల్ మొదలైన టైము, మైళ్లు రోజూ రాసుకోవాలి. యాప్‌ని నమ్ముకుంటే ఉద్యోగం పోయిన రోజే లాగిన్ కూడా పోతుంది. సలహాకి ఏకాస్ (ఉద్యోగ హక్కుల మీద ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ), తక్కువ జీతం మీద ఫిర్యాదుకి 2026 ఏప్రిల్ నుంచి ఫెయిర్ వర్క్ ఏజెన్సీ; అంతకుముందు ఆ పని పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీది.

వీసా భయంతో చాలామంది నోరెత్తరు. ఆ భయం ఊరికే రాలేదు. ఏజెన్సీకి ఉన్న స్పాన్సర్ లైసెన్స్ (వీసా మీద మనుషుల్ని పెట్టుకునే అనుమతి) రద్దయితే మామూలుగా 60 రోజుల గడువు ఇస్తూ లెటర్ వస్తుంది, ఆలోపు కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. 2025 జూలై 22 నుంచి బయటి దేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేశారు. అయినా వీసా పేరు చెప్పి ఇంకా డబ్బు అడిగే కన్సల్టెన్సీలుంటే ఆ తారీఖు చూపించండి.

ఏజెన్సీని అడగలేనివాళ్ల చేతిలోనూ ఒక ఆయుధం ఉంది: కాల్ అయ్యాక ఏం జరిగిందో రాసే లాగ్. ప్యాకేజీని (ఒక్కొక్కరికి కేటాయించిన కేర్‌ని) కాల్‌కి 30 నిమిషాల నుంచి 45కి పెంచాలా, డబుల్ అప్ (ఒకే కాల్‌కి ఇద్దరు) చేయాలా అని కౌన్సిల్ రివ్యూ చేసినప్పుడు చూసే కాగితాల్లో ఇదొకటి. జబ్బు బాగా ముదిరినవాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ కింద, ఆస్తి చూడకుండా, ఖర్చంతా ఎన్‌హెచ్‌ఎస్ భరించే వీలుంది. అక్కడ చర్మం, కదలిక, తినడం-తాగడం, ప్రవర్తన, మందులు వంటి 12 విభాగాల్లో అవసరం ఎంత తీవ్రంగా ఉందో అంచనా కడతారు. మన సాయంతో అదుపులో ఉన్నంత మాత్రాన అవసరం తీరిపోయినట్టు కాదని వాళ్ల నియమాల్లోనే ఉంది. కానీ మనం పొద్దున ‘అంతా బాగుంది, టీ ఇచ్చాను’ అని రాసి పరిగెడితే, ఆ అవసరం కాగితం మీద లేనట్టే.

ఇలా రాయాలి: ‘8:05కి వచ్చాను. పక్క తడిసి ఉంది, షీట్లు మార్చాను. ఎడమ మడమ మీద ఎర్ర మచ్చ, వేలితో నొక్కితే తెల్లబడలేదు, ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాను. మాత్రలు వద్దన్నారు, మూడుసార్లు నచ్చజెప్పాక మింగారు. 8:48కి బయల్దేరాను.’ నొక్కినా తెల్లబడని ఎరుపంటే బెడ్ సోర్ మొదలైనట్టే. మందులు సులువుగా తీసుకున్నట్టు మార్ చార్ట్‌లో (ఏ మందు ఎప్పుడిచ్చామో రాసే పట్టికలో) ఒక్క సంతకం పెట్టేస్తే ఆ మూడుసార్లు ఎవరికీ తెలియవు. డబుల్ అప్ కాల్‌కి రెండో మనిషి రాకపోతే హాయిస్ట్ (మనిషిని పైకెత్తే యంత్రం) ఒక్కరే వాడొద్దు. ఆఫీసుకు ఫోన్ చేయండి. ఎన్నింటికి చేశారో, ఎవరు ఎత్తారో, ఏమన్నారో అదే లాగ్‌లో రాయండి. పెద్దావిడ జారి పడితే సంతకం ఎవరిదని చూస్తారు గానీ, ఫోన్‌లో ‘ఈ ఒక్కసారికి కానిచ్చేయమ్మా’ అన్నవాళ్ల పేరు ఎక్కడా ఉండదు.