పికప్‌కి ఎయిర్ బ్యాగ్‌లు వేయించాం, కాటా చీటీ మాత్రం మారలేదు

మాది గుంటూరు. నాన్న చాలా ఏళ్లుగా పెళ్లిళ్లకి, సభలకి జనరేటర్లు, లైటింగ్ అద్దెకిస్తున్నారు. నాలుగేళ్ల నుంచి బండి పని నేను చూసుకుంటున్నాను. పికప్ తొట్టిలో కేబుళ్లు, లైట్లు, స్టాండ్లు, వెనక హుక్కుకి 30 కేవీఏ జనరేటర్ ట్రాలీ. ఈ పోస్టు ఆ పికప్ వెనక భాగం గురించే. ఎయిర్ బ్యాగ్ అనగానే స్టీరింగ్‌లోంచి బయటికొచ్చేది అనుకోకండి, నేను చెప్పేది సస్పెన్షన్‌కి పెట్టే గాలి తిత్తి గురించి.

సమస్య మొదట కనిపెట్టింది నాన్న. పోయిన మాఘమాసంలో సత్తెనపల్లి వైపు ఒక పెళ్లికి రాత్రి పూట వెళ్తున్నాం. ఎదురొచ్చే ప్రతివాడూ డిప్పర్ కొడుతున్నాడు. నేను డిమ్‌లోనే ఉన్నాను, అయినా కొడుతున్నారు. నాన్న కాసేపు చూసి "లైటు రోడ్డు మీద లేదురా, చింతచెట్టు కొమ్మల మీదుంది" అన్నారు. నిజమే, రోడ్డు పక్క కొమ్మలు ఆకు ఆకూ కనపడుతున్నాయి, ముందున్న గుంట కనపడట్లేదు. బండి పక్కన ఆపి దిగి చూస్తే వెనక భాగం కూర్చుండిపోయింది, కమాన్ కట్ట (ఇరుసు మీద బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) తిరగబడ్డట్టుంది, ఇరుసు చాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాపర్ రబ్బరుకీ ఇరుసుకీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు కూడా లేదు.

మర్నాడు టేపు పెట్టి కొలిచాను. ఖాళీ బండితో పోలిస్తే వెనక 8 సెంటీమీటర్లు దిగింది, ముందు 1 సెంటీమీటరు లేచింది. మొత్తం 9. మా బండి వీల్‌బేస్, అదే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం, సుమారు 3.1 మీటర్లు, అంటే 30 మీటర్ల దూరంలో హెడ్‌లైట్ వెలుగు 85 సెంటీమీటర్లకు పైనే ఎత్తులో పడుతుంది. ఎదుటివాడి కళ్లల్లోకి కొట్టక ఏం చేస్తుంది!

లైటు సంగతి అలా ఉంచితే, నన్ను నిజంగా భయపెట్టింది హైవే. విజయవాడ నుంచి తిరిగి వస్తూ కాజ టోల్‌గేటు దాటాక, 70 స్పీడులో ఉండగా ఒక కంటైనర్ లారీ పక్కనుంచి రయ్యిన వెళ్లింది. ఆ గాలికి ట్రాలీ ఇటొకసారి అటొకసారి ఊగింది, దానితో పాటు పికప్ తోక కూడా. స్టీరింగ్ చేతిలో తేలిపోయింది, ముందు టైర్లు రోడ్డుని పట్టుకున్నట్టే లేదు. అలాంటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్ కూడా తిప్పకూడదు, తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయాలి. అదే చేశాను, నాలుగైదు ఊపులకి సర్దుకుంది. ఇంటికొచ్చాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి. పక్క సీట్లో కూర్చున్న కుర్రాడు మా దగ్గర పనిచేసేవాడు, వాళ్లమ్మకి ఒక్కడే కొడుకు.

నాన్న మాట ఒక్కటే, కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేయించేద్దామని. ఆటోనగర్‌లో ఎవర్నడిగినా అదే చెప్తారు, తప్పేం లేదు, చవక, గట్టి పని. కానీ మా బండి వారంలో నాలుగు రోజులు ఖాళీగానే తిరుగుతుంది. ఎక్కువ పట్టీ వేస్తే ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, వర్షంలో వెనక టైరు పట్టు తప్పుతుంది, తొట్టిలో వేసిన లైట్ల ఫిలమెంట్లు కూడా బతకవు. గాలి తిత్తి అయితే బరువున్న రోజు గాలి పెంచుకుంటాం, లేని రోజు తగ్గించుకుంటాం. నేను దాని వైపు మొగ్గింది అందుకే.

ఇది కొత్త విద్యేమీ కాదు. విజయవాడ నెహ్రూ బస్టాండులో గరుడ బస్సు పక్కన నిలబడితే 'ఉస్స్' అని చప్పుడొస్తుంది కదా, ఆ బస్సు నిలబడేది గాలి మీదే. అమెరికాలో ఎయిర్ లిఫ్ట్ అనే కంపెనీ 1949 నుంచి ఇదే వ్యాపారంలో ఉంది. బస్సుకీ మనకీ తేడా ఏమిటంటే బస్సు పూర్తిగా గాలి మీదే ఆధారపడుతుంది, మన పికప్‌లో కమాన్ కట్ట అలాగే ఉంటుంది, ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య చెరోవైపు ఒక తిత్తి సాయంగా కూర్చుంటుంది.

కొనే ముందు ఒక మంచి పని చేశాను, కాటా వేయించాను. మిర్చి యార్డు చుట్టుపక్కల వేబ్రిడ్జిలకి కరువు లేదు. ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద పెట్టి ఒక చీటీ, పికప్ మొత్తం ఎక్కించి ట్రాలీ చక్రాలు బయట ఉంచి ఇంకో చీటీ. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక ఇరుసు బరువు తెలుస్తుంది. ఖాళీ బండి ముందు 920 కిలోలు, వెనక 700. తొట్టిలో 450 కిలోల సామాను వేస్తే ముందు 940, వెనక 1130. ట్రాలీ తగిలించాక ముందు 855, వెనక 1425.

ఆ 855 దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. బండిలోకి బరువు ఎక్కుతుంటే ముందు చక్రాల మీద బరువు తగ్గుతోంది. హుక్కు మీద పడే బరువు ఎంతో చూద్దామని, తెలిసిన మిర్చి కమీషన్ కొట్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) తూచే కాటా అడిగి తెచ్చి, ట్రాలీ ముందు కాలు దాని మీద ఆనించాను. 210 కిలోలు. మా హుక్కు వెనక ఇరుసుకి 1.25 మీటర్లు వెనకుంది. తూగుడుబల్ల లెక్క ఇది: 210ని 1.25తో గుణించి 3.1తో భాగిస్తే 85. ముందు చక్రాల నుంచి లేచిపోయిన 85 కిలోలు అవే. ఆ 85, హుక్కు మీది 210 కలిసి 295 వెనక ఇరుసు నెత్తిన పడ్డాయి. స్టీరింగ్ చేతిలో ఎందుకు తేలిపోయిందో ఇప్పుడు అర్థమైంది.

బిగింపు విజయవాడ ఆటోనగర్‌లో. బస్సుల గాలి తిత్తుల (బెల్లోల) పని చేసిన అనుభవమున్న పెద్ద మేస్త్రీ దొరికారు, అది మా అదృష్టం. కిట్ బయటికి తీసి ఒక్కో బ్రాకెట్టూ తిప్పి చూసి, "బాబూ, బిగించడం గంట పని, ఎక్కడ రాసుకుంటుందో చూడ్డమే రోజు పని" అన్నారు. నిజంగానే రోజంతా పట్టింది. తిత్తి గాలి నిండాక లావెక్కుతుంది, అప్పుడు టైరుకి గానీ, బ్రేకు పైపుకి గానీ తగిలిందంటే నెల తిరక్కుండా చిల్లు పడుతుంది. సైలెన్సర్ పైపు ఉన్న వైపు వేడి తగలకుండా రేకు అడ్డం పెట్టారు. పంపు పెట్టి గాలి నింపి, సబ్బు నురుగు బ్రష్‌తో ప్రతి జాయింటు దగ్గరా రాసి, మేస్త్రీ నేల మీద పడుకుని టార్చి వేసి చూస్తూనే ఉన్నారు. ఎడమ వైపు ఫిట్టింగ్ దగ్గర ఆవగింజంత బుడగ వచ్చింది, పగిలింది, ఇంకోటి వచ్చింది. ట్యూబు కొస వంకరగా తెగి ఉంది, అదీ సంగతి. కత్తెరతో కాకుండా పదునైన బ్లేడుతో తిన్నగా కోసి మళ్లీ గుచ్చితే ఆగిపోయింది.

రెండు తిత్తులకీ కలిపి ఒకే వాల్వు పెట్టించుకుంటే గాలి కొట్టడం సులువు కదా అనడిగాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. మలుపులో బరువు బయటి వైపు పడుతుంది, రెండూ ఒకే పైపు మీద ఉంటే ఆ వైపు గాలి లోపలి వైపు తిత్తిలోకి పోతుంది, బండి ఇంకా వాలిపోతుంది. దేని వాల్వు దానికే ఉండాలి. మనం టైరుకి గాలి కొట్టే వాల్వులాంటిదే, నంబర్ ప్లేటు పక్కన రెండు పెట్టించాం.

ఇంకో సంగతి ఆయనే చూపించారు, ఇది పికప్‌లున్న అందరూ తెలుసుకోవాలి. చాలా పికప్‌లలో వెనక ఇరుసు నుంచి చాసిస్ మీది వాల్వుకి చిన్న రాడ్డు ఉంటుంది. వెనక భాగం ఎంత కిందికి దిగిందో ఆ రాడ్డు ద్వారా తెలుసుకుని, బరువుంటే వెనక బ్రేకుకి ఎక్కువ ఒత్తిడి, ఖాళీ అయితే తక్కువ ఒత్తిడి పంపే ఏర్పాటది. తిత్తిలో గాలి దండిగా కొట్టి బండిని ఖాళీ ఎత్తుకి లేపేశారనుకోండి, ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది. బరువు నిండుగా, వెనక బ్రేకు మాత్రం సగం. ఇది విన్నాక మెడ వెనక చల్లబడింది నాకు. అందుకే పూర్తిగా లేపొద్దు, కొంచెం దిగి ఉండనివ్వాలి. మేం 8 సెంటీమీటర్ల దిగుడుని 3 దగ్గర ఆపాం. దానికి మాకు 35 పీఎస్ఐ సరిపోయింది. కిట్ కాగితం మీద 5 నుంచి 100 దాకా అని ఉంది కదాని 80 కొట్టేస్తే వెనక భాగం కర్రలా బిగుసుకుపోతుంది, ఆ దెబ్బంతా చాసిస్‌కి.

మర్నాడు అదే సామాను, అదే ట్రాలీతో మళ్లీ అదే కాటాకి వెళ్లాను. బండి చూడ్డానికి ముచ్చటగా ఉంది, దాదాపు సమంగా నిలబడింది, లైటు రోడ్డు మీదికొచ్చింది. చీటీ వచ్చింది. ముందు 855. వెనక 1425. ఒక్క కిలో తేడా లేదు.

ఆలోచిస్తే ఉండదు కూడా. తిత్తి వెనక భాగాన్ని పైకి నెడుతుంది, అంతే, హుక్కు మీది బరువు ఎక్కడికీ పోలేదు, ముందు చక్రాల మీదికి తిరిగి రాలేదు. టేపు పెట్టి చూస్తే ముందు లేచిన ఆ సెంటీమీటరు అలాగే ఉంది. చూపుకి సరిపోయిన బండి బరువు లెక్కలో సరిపోయినట్టు కాదు. నా మనసులో గట్టిగా పడిపోయిన సంగతి ఇదే, దీని కోసమే ఈ పోస్టు రాస్తున్నాను. ఎయిర్ బ్యాగ్ వేయించుకున్నాం కాబట్టి ఇంకో 300 కిలోలు వేయొచ్చు అనే మాట ఆటోనగర్‌లోనే ఇద్దరి నోట విన్నాను. వేయకూడదు. ఇరుసు అదే, బేరింగులు అవే, టైర్లు అవే, బ్రేకులు అవే. ఆర్సీలో రాసిన గ్రాస్ వెయిట్ (సామానుతో కలిపి బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు) ఒక్క కిలో కూడా పెరగదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో ఓవర్‌లోడ్‌కి జరిమానా 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకి 2,000 చొప్పున అని ఉంది. జరిమానా కట్టగలం, ప్రాణం తేలేం.

ముందు చక్రాలకి బరువు తిరిగి రావాలంటే హుక్కు మీది భారం తగ్గించాలి, లేదా బరువుని ముందుకి పంచే స్ప్రింగ్ బార్ల హుక్కు పెట్టించాలి. మేం మొదటిది చేశాం. ట్రాలీ మూతి దగ్గర 120 కిలోల కేబుల్ పెట్టె ఉండేది, ఫ్రేముకి కొత్త ఇనప యాంగిళ్లు వెల్డింగ్ చేయించి దాన్ని మీటరు వెనక్కి జరిపాం. హుక్కు నుంచి ట్రాలీ ఇరుసు 2.4 మీటర్లు, కాబట్టి 50 కిలోలు తగ్గాలి, అంతే తగ్గింది. హుక్కు మీద 160. మళ్లీ కాటా: ముందు 875, వెనక 1355. ఈసారి చీటీ మారింది! అదీ ఒక పెట్టె జరిపితే.

అలాగని ఇంకా ఇంకా వెనక్కి జరపకండి. మా ట్రాలీ మొత్తం 1400 కిలోలు, 160 అంటే పదకొండు శాతం పైన. పది నుంచి పదిహేను శాతం మధ్య ఉండాలంటారు. పది కంటే తగ్గితే ట్రాలీ తోక ఊపడం మొదలుపెడుతుంది, కాజ దగ్గర నేను చూసినదానికి పదింతలు. దీంతో పాటే ట్రాలీకి సొంత బ్రేకు కూడా పెట్టించాం, పికప్ ఆగినప్పుడు ట్రాలీ ముందుకు నెట్టే బలంతోనే పనిచేసే రకం. 1400 కిలోల బరువుని ఇన్నాళ్లూ బ్రేకు లేకుండా లాగామంటే ఇప్పుడు తలుచుకుంటే నిద్ర పట్టదు.

వాడకంలో తెలిసినవి కొన్ని. పంక్చర్ షాపులో పెద్ద కంప్రెసర్‌తో గాలి కొట్టించకండి, తిత్తి చాలా చిన్నది, ఇలా ముట్టుకుంటే అలా 10 నుంచి 50కి పోతుంది. సైకిల్ పంపు గానీ, 12 వోల్టుల చిన్న పంపు గానీ మేలు. ఖాళీ బండిలో కూడా గాలి మొత్తం తీసేయొద్దు, మడత పడి నలిగి చిరుగుతుంది, మేం 10 ఉంచుతాం. టైరు మార్చేటప్పుడు జాకీ ఇరుసు కింద పెట్టండి, చాసిస్ కింద పెట్టి లేపితే ఇరుసు బరువుకి తిత్తి సాగిపోతుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పండి, తర్వాత గొడవ ఉండదు.

చివరగా చాసిస్. కమాన్ కట్ట తన బరువుని ముందు కొస, వెనక కొస దగ్గర రెండు చోట్ల చాసిస్‌కి అందిస్తుంది. తిత్తి సరిగ్గా ఇరుసు పైన ఒకే చోట నెడుతుంది, అవతల హుక్కు కిందికి లాగుతుంటుంది. గాలి ఎక్కువ కొట్టి, బరువు ఎక్కువ వేసి, గుంటల రోడ్లో తోలితే ఆ మధ్యలో చాసిస్ వంగిన బండ్లున్నాయి, ఆస్ట్రేలియాలో కారవాన్లు లాగే పికప్‌లలో ఈ గొడవ బాగా చర్చకొచ్చింది. అందుకే పై బ్రాకెట్ చుట్టూ నాలుగంగుళాల మేర తెల్ల పెయింట్ పూయించాను, పగులొస్తే తుప్పు గీత దాని మీద వెంటనే కనపడుతుంది. నెలకోసారి కిందికి దూరి టార్చి వేసి చూస్తున్నాను. ఆరు నెలలైంది, తెనాలి, రేపల్లె, బాపట్ల తిరిగాం, గీత లేదు. వచ్చే నెల సీజన్ మొదలయ్యేలోపు ఇంకోసారి కాటా వేయించాలి, నాన్న కొత్త ఎల్‌ఈడీ స్టాండ్లు కొన్నారు, అవెంత బరువో ఇంకా తూచలేదు.