ఎప్కాట్‌లో నారింజ లైను, ఆకుపచ్చ లైను

పిల్లల దగ్గరికి అమెరికా పోయి వచ్చే అమ్మానాన్నలు ఇప్పుడు పాలమూరులో ప్రతి వాడలోనూ ఉన్నారు. సెలవులు దొరికితే ఆ పిల్లలు తీసుకుపోయే చోట్లలో ఫ్లోరిడాలోని ఓర్లాండో ముందుంటుంది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పడితే పట్నంలోకి పోకుండానే శంషాబాద్ విమానాశ్రయం వస్తుంది. అక్కడ ఎక్కి దుబాయిలో మారితే ఓర్లాండోలోనే దిగొచ్చు. డిస్నీ వాళ్లకు అక్కడున్న నాలుగు పెద్ద పార్కుల్లో ఎప్కాట్ ఒకటి. మేము అక్కడికి పోయిందే ‘మిషన్: స్పేస్’ కోసం. రాకెట్‌లో అంగారకుడి మీదికి పోయినట్టు ఒంటికి తెలిసేలా చేసే ఈ యంత్రం 2003లో మొదలైంది. ఇందులో ఏ లైనులో నిలబడాలో గుమ్మం దగ్గరే తేల్చుకోవాలి. మిగిలిన రోజంతా ఎట్ల గడుస్తదనేది చాలావరకు దాని మీదే ఉంటుంది.

నారింజ రంగు లైనులో పోతే యంత్రం నిజంగానే తిరుగుతుంది. మధ్యలో ఇరుసు, దాని చుట్టూ చేతులు, చేతుల కొసలకు మూసి ఉన్న 10 పెట్టెలు, ఒక్కో పెట్టెలో నలుగురు. లోపల ఇలాంటి యంత్రాలు నాలుగున్నాయి. ఆకుపచ్చ లైనులో పెట్టె అదే, సీట్లు అవే, కానీ గిరగిరా తిరుగుడు ఉండదు. ఉన్నచోటనే వంగుతుంది, ఊగుతుంది, అదురుతుంది. తిరుగుడు పడనివాళ్ల కోసం దీన్ని 2006లో పెట్టారు. 2017 నుంచి ఈ లైనువాళ్లకు భూమి చుట్టూ తిరిగివచ్చే ప్రయాణం చూపిస్తున్నారు, అంగారకుడు నారింజ వాళ్లకే. నారింజకు 44 అంగుళాల ఎత్తు ఉండాలి, ఆకుపచ్చకు 40 చాలు. మనుమల ఎత్తు ఇంటి దగ్గరే కొలుచుకొని పోవాలి. అక్కడ కొలబద్ద దగ్గర ఒక్క అంగుళం తగ్గినా లోపలికి పంపరు, పిల్లలు చిన్నబుచ్చుకుంటారు.

తిప్పుడెందుకంటే, బరువుకూ వేగం పెరగడానికీ మన ఒంటికి తేడా తెలియదు. జాతర్లలో బావి గోడ మీద మోటార్ సైకిల్ తిప్పేవాడిని ఆ గోడే లోపలికి నెడుతూ నిలబెడుతుంది. ఇక్కడ ఆ గోడ పని సీటు చేస్తుంది. ఎదురుగా తెర మీద రాకెట్ లేస్తూ కనబడుతుంటుంది కాబట్టి, తిరుగుతున్నామని కాక పైకి పోతున్నామని మనసు నమ్ముతుంది. ఒత్తిడి 2.5 జీ దాకా, అంటే మన మామూలు బరువుకు రెండున్నర రెట్ల దాకా పోతుంది. 60 కిలోల మనిషికి 150 కిలోలున్నట్టు తెలుస్తుంది, చెంపలు వెనక్కి లాగుతాయి, చెయ్యి లేపడమూ పనే. నాసా స్పేస్ షటిల్‌లో కూడా ఇది 3 జీ దాటనిచ్చేవారు కాదు. రోలర్ కోస్టర్లలో ఇంతకన్నా ఎక్కువే వస్తుంది గానీ రెప్పపాటులో పోతుంది. ఇక్కడ ఛాతీ మీద అట్లనే నిలుస్తుంది, అదే అసలు తేడా. తర్వాత ఒళ్లు తేలిపోయినట్టు అనిపించే ఘట్టం వస్తుంది. అప్పుడు జరిగేదల్లా తిరిగే వేగం తగ్గడమే. ఇంత తెలిసి కూర్చున్నా ఒళ్లు ఝల్లుమంటుంది. ఆ నైపుణ్యానికి దండం పెట్టాలి.

లోపలికి పోయేముందు నలుగురిని వరుసగా నిలబెట్టి కమాండర్, పైలట్, నావిగేటర్, ఇంజనీర్ అని పనులు పంచుతారు. పెట్టెలో కూర్చున్నాక భుజాల మీదికి కడ్డీ దిగుతుంది, తలుపు మూసుకుంటుంది, మీటల బల్ల మన మీదికి జరుగుతుంది. ఎమ్మారై గొట్టంలో బుగులు పడేవాళ్లకు ఇక్కడా అదే బుగులు పుడుతుంది, వాళ్లు ఏ లైనులోనూ ఎక్కకపోవడమే మంచిది. తలుపు మూసేలోపు ఎప్పుడైనా వద్దనుకుంటే అక్కడి సిబ్బందికి చెబితే చాలు, పక్క దారిలో బయటికి పంపుతారు, ఎవరూ ఏమీ అనరు.

అందరూ చేసే తప్పు తల తిప్పడం. చెవి లోపల మూడు అర్ధవృత్తపు గొట్టాల్లో ఉండే ద్రవం తిరుగుడును పసిగడుతుంది. ఒకే వేగంతో తిరుగుతుంటే కాసేపటికి ఆ ద్రవం సర్దుకుంటుంది, తిరుగుతున్న సంగతే తెలియదు. ఆ సమయంలో పక్కన కూర్చున్న మనుమడి ముఖం చూద్దామని తల తిప్పితే ద్రవం మరో దిక్కుకు కదిలి, పెట్టె మొత్తం పల్టీ కొట్టినట్టవుతుంది. కడుపులో దేవడం అక్కడ మొదలవుతుంది. కాబట్టి తల సీటుకు ఆనించి, తెర మధ్యలోనే చూపు నిలపాలి. కళ్లు మూసుకోవద్దు. మూసుకుంటే మనసు పట్టుకునే ఆధారం పోయి తిరుగుడు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. మీటలు నొక్కమన్నప్పుడు తల వంచి వెతకొద్దు. మొదలవకముందే మీ మీట ఎక్కడుందో చేతితో తడిమి పెట్టుకోండి. నొక్కకపోయినా నౌక ఆగదు, యంత్రమే ఆ పని చేసుకుంటుంది.

ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు అనడానికి మన దగ్గర మంచి పరీక్షే ఉంది. మన్ననూరు దాటి నల్లమలలో శ్రీశైలం బస్సు ఈగలపెంట మలుపులు దిగుతుంటే కిటికీ పట్టుకునేవాళ్లు ఆకుపచ్చలో నిలబడాలి. బస్సులకు వాడే అవోమిన్ మాత్రే ఇక్కడా పనిచేస్తుంది, కాకపోతే గంట ముందే వేసుకోవాలి. అది మగత తెస్తుంది, వేసుకున్నవాళ్లు కారు నడపొద్దు. ప్రోస్టేట్, నీటికాసులు ఉన్న పెద్దలు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. ఖాళీ కడుపూ మంచిది కాదు, నిండు కడుపూ కాదు. గంటన్నర ముందు పెరుగన్నం లాంటిది కొంచెం తింటే సరిపోతుంది. గుండెకు స్టెంటు పడ్డవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, మెడ, నడుము నొప్పులున్నవాళ్లు, గర్భిణులు నారింజ వైపు చూడనే వద్దు. 2.5 జీలో ఐదు కిలోల తల పన్నెండున్నర కిలోలవుతుంది, ఆ భారమంతా మెడ మీదే. సీటు ముందర వాంతి సంచులు పెట్టి ఉంటాయి. అవసరమైతే మొహమాటపడకుండా వాడుకోవాలి.

పాలమూరు మూలాలున్న నాసా వ్యోమగామి రాజా చారి 2021 నవంబరులో క్రూ-3 యాత్రకు కమాండరుగా అంతరిక్షానికి లేచింది ఈ ఫ్లోరిడా తీరంలోని కెన్నెడీ స్పేస్ సెంటర్ నుంచే. ఓర్లాండో నుంచి కారులో గంట దూరం. మనుమలకు ఆ పేరు చెప్పి, వీలుంటే రెండూ చూపించాలి. ముందు రోజు కెన్నెడీ చూసొస్తే పెట్టెలో వినబడే మాటలు పిల్లలకు బాగా పట్టుబడతాయి.

దిగిన వెంటనే నడక తూలినట్టుంటుంది. పావుగంట కూర్చొని చల్లని నీళ్లు తాగాలి, వెంటనే ఇంకో రైడు ఎక్కొద్దు. బయటికొచ్చే దారిలో పిల్లల ఆటల గది ఉంది. ఎక్కని పెద్దలు దుకాణం వైపు నుంచి నేరుగా అందులోకి పోయి, చల్లగా కూర్చొని మిగిలినవాళ్ల కోసం చూడొచ్చు.