నాగావళిలో బత్తాయి తొక్క

నాగావళి ఎంత వేగంగా పారుతోందో కొలుద్దామని బత్తాయి తొక్క వేసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాం, పది మీటర్లు దాటడానికి దానికి అస్సలు తొందర లేదు. గట్టు మీద గేదెలు తోలుకెళ్తున్న ఒక తాత ఆగి "ఏటి బాబూ, ఏటికి కొలతలేటి" అన్నాడు. అందరం నవ్వేశాం, మా మేడమ్‌తో సహా.

పొద్దున తోటపల్లి వైపు అంచున ఏరిన గులకరాయి ఇంకా నా జేబులోనే ఉంది, గుండ్రంగా, గుప్పిట్లో పట్టేంత. ఇక్కడ శ్రీకాకుళం బ్రిడ్జి కింద చెయ్యి పెడితే వేళ్ల సందుల్లోంచి జారిపోయే ఇసకే. ఏరు కిందికి వచ్చేకొద్దీ రాళ్లు అరిగి చిన్నవవుతాయని పుస్తకంలో చెప్పినట్టే ఉంది కదా అని హ్యాపీగా రాసుకున్నాం.

నీళ్ల లెక్క దగ్గరే తేడా కొట్టింది. కిందికి వచ్చేకొద్దీ ప్రవాహం పెరగాలి, పైగా సంగం దగ్గర సువర్ణముఖి, వేగావతి కూడా వచ్చి కలుస్తాయి. కానీ పైన తోటపల్లి బ్యారేజ్, దాని కింద నారాయణపురం ఆనకట్ట, రెండు చోట్లా కాలవలు నీళ్లు పట్టుకుపోతే ఎండాకాలంలో ఇక్కడికి మిగిలేది ఎంతని? ఏరు వెడల్పేమో ఇంత, నీళ్లేమో ఒక పక్కన పాయ. ఆ కాలవల నీళ్లతో పండిన బియ్యమే మధ్యాహ్నం క్యారేజీలో తిన్నాం కాబట్టి తిట్టడానికీ నోరు రాలేదు.

గ్రాఫ్ గీస్తే పుస్తకంలో గీతకి రివర్స్‌లో వచ్చింది. మేడమ్ మాత్రం అదే బావుంది, అలాగే పెట్టండి అన్నారు.

రేపు కళ్లేపల్లి, సముద్రంలో కలిసే చోటు. పోటుకి తొక్క వెనక్కొస్తే టైమ్ ఎలా రాయాలో తెలిసినోళ్లు చెప్పండర్రా.