విన్ హిల్ మీద ఒక శనివారం

పొద్దున్నే ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌లో రైలెక్కి బామ్‌ఫర్డ్‌లో దిగాను. మార్చిలో ఈడేల్ స్కైలైన్ రేసు. ఇంత దూరం ఫెల్ రేసు, అంటే కొండల మీద పరుగు పందెం, పరిగెత్తడం నాకు ఇదే మొదటిసారి. ఈడేల్ లోయ చుట్టూ కొండల అంచు పట్టుకుని 21 మైళ్ళు పోవాలి. మొత్తం ఎక్కుడు దాదాపు 4,500 అడుగులు. తలుచుకుంటే కడుపులో టెన్షన్‌గానే ఉంటుంది, అయినా రోజూ తలుచుకుంటూనే ఉన్నాను.

మా పరుగు క్లబ్బులో అరవై దాటిన ఒకావిడ తోడు వచ్చారు. లేడీబవర్ డ్యామ్ కింద యార్క్‌షైర్ బ్రిడ్జి నుంచి పార్కిన్ క్లఫ్ అనే ఇరుకు లోయ గుండా ఎక్కాం. విన్ హిల్ ఎత్తు 462 మీటర్లే. కానీ ఈ దారి వాగు పక్కనే, చెట్ల వేళ్ళ మీదుగా, తడి రాళ్ళ మీదుగా నిట్టనిలువుగా పైకి పోతుంది. ఇలాంటిచోట పరిగెత్తేవాళ్ళు తక్కువ. నడుం వంచి, మోకాళ్ళకు కాస్త పైన అరచేతులు ఆనించి, ఒక్కో అడుగూ తోసుకుంటూ గబగబా నడుస్తారు. అలిపిరి దారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర మా అమ్మమ్మ అచ్చం ఇలాగే ఎక్కేది. ఊపిరి ఇక్కడే ఖర్చు చేసేస్తే పైన చదునులో పరిగెత్తడానికి ఏమీ మిగలదని క్లబ్బావిడ చెప్పారు.

శిఖరం మీద వడగళ్ళు కొట్టాయి. అక్కడే నా సంచి విప్పించి చూశారు: టోపీ ఉన్న వాన జాకెట్టు, వాన ప్యాంటు, గ్లోవ్స్, మ్యాపు, దిక్సూచి, విజిల్, కాస్త తిండి. చెమట పట్టిన ఒంటికి ఈ గాలి తగిలితే చలి ఎంత త్వరగా ఎముకల్లోకి దిగుతుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. వాన వెలిశాక ఎదురుగా లూజ్ హిల్, మామ్ టోర్, ఆ వెనక కిండర్ కొండ కనిపించాయి. అన్నీ రేసు దారిలోవే. ఇటు చూస్తే లేడీబవర్ నీళ్ళు. వాటి కింద డెర్వెంట్, యాషాప్టన్ ఊళ్ళు మునిగిపోయాయి. శ్రీశైలం ప్రాజెక్టుకింద ఊళ్ళు పోయిన కర్నూలు జిల్లా మాది, అందుకే ఆ నీళ్ళు చూస్తే మనసు ఒక్క క్షణం ఆగుతుంది.

ఇవాళ్టి అసలు పాఠం దిగడం. హోప్ ఊరి వైపు గడ్డివాలు మీద దిగడం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ దిగడం. భయమేస్తే ఒళ్ళు దానంతటదే వెనక్కి వాలుతుంది, వెంటనే మడమ జారుతుంది. ఒంటిని వాలుతోపాటు ముందుకు వదలాలి. చిన్న అడుగులు వేగంగా వేయాలి, చేతులు పక్కలకు చాచాలి, చూపు నాలుగడుగుల ముందుండాలి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపుతుంది. నొప్పి మర్నాడో ఆ మర్నాడో వచ్చేది అందుకే. ఒకసారి ఆ దెబ్బ తిని కోలుకున్న కండరం మళ్ళీ అంతగా నొప్పెట్టదు. ఈ కష్టం రేసుకు ముందే పడాలనేది అందుకే. చివరి దిగుడులో కాసేపు కాళ్ళు రాళ్ళను వాటంతటవే వెతుక్కున్నాయి. ఆ కాసేపటి ఆనందం ఇంకా ఒంట్లో ఉంది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "పడిపోతే ఎవరు చూస్తారే?" అంది. కొండమీద ఎవరైనా పడితే మిగతావాళ్ళు పరుగు ఆపి సాయం చేయాలనేది ఈ రేసుల్లో నియమమని చెప్పాను. "అయితే సరే, కడుపునిండా తిను" అంది.

రేపు విశ్రాంతి. వచ్చే వారం బ్రౌన్ నోల్ కొండ వైపు బురదలో, మ్యాపు చూసుకుంటూ ముందు నేను నడవాలట, ఆవిడ వెనకాల వస్తారట.