పడి మొలిచిన ఆకుకూరలతో నా మూడేళ్లు

పెరట్లోని చిన్న మడిలో తోటకూర, గంగవాయిలి కూర ఏటా గింజ చల్లనవసరం లేకుండా తమంతట తామే మొలిచేలా చేసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో ఎక్కువ భాగం నేను చేసిన పొరపాట్లను సరిదిద్దుకోవడానికే సరిపోయింది.

మొదటి ఏడు గంగవాయిలిని కలుపు అనుకొని వేళ్లతో సహా పీకి మడి గట్టున కుప్పగా వేశాను. కాడల్లో నీరు దాచుకునే మొక్క కావడంతో వారం గడిచినా అది వాడలేదు సరికదా, ఆ తర్వాత కురిసిన వానకు నేలను తాకిన కణుపుల దగ్గర మళ్లీ వేళ్లు పోసింది. కుప్పను ఎత్తి చూస్తే చిన్న చిన్న కాయలు మూత తీసిన భరిణెల్లా విచ్చుకొని, ఇసుక రేణువులంతటి నల్లని గింజలు అప్పటికే నేలమీద రాలి ఉన్నాయి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుందనీ, అవి మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయనీ తెలిశాక, దీన్ని వదిలించుకోవడం కన్నా తినడమే తేలికని నిర్ణయించుకున్నాను.

తినాలంటే ముందు గుర్తుపట్టాలి. గంగవాయిలి పక్కనే, అదే తీరుగా నేలకు పరచుకొని, ఎర్రని కాడతో నానుబాలు జాతి మొక్క ఒకటి పెరుగుతుంది. దాని కాడ తుంచితే తెల్లని పాలు కారతాయి, అది తినకూడదు. గంగవాయిలి కాడ తుంచితే నీరే వస్తుంది, ఆకు కూడా మందంగా, నున్నగా ఉంటుంది. ఇప్పటికీ కోసేటప్పుడు ప్రతి కాడనూ తుంచి చూస్తాను. ఈ కూరల్లో ఆక్జలేట్లు అనే, రాళ్లకు దోహదం చేసే లవణాలు ఎక్కువ కాబట్టి మూత్రపిండాల్లో రాళ్లున్నవారు వైద్యుణ్ణి అడిగి తినడం మంచిది.

రెండో ఏడు మడిమీద ఎండుటాకులు మందంగా పరచి, ఒక్క మొలక కూడా రాక ఆశ్చర్యపోయాను. తోటకూర గింజ మిల్లీమీటరుకు మించని పరిమాణంలో ఉంటుంది, అంత మందమైన పొరను చీల్చుకొని రాగల బలం దానికి లేదు. అప్పటి నుంచి గింజ రాలిన చోట ఆకులు తొలగించి, పైమట్టిని వేళ్లతో కాస్త గీరి, తడి ఆరకుండా చూస్తున్నాను. లోతుగా తవ్వడం మానేశాను, ఎందుకంటే తవ్విన ప్రతిసారీ అడుగున నిద్రపోతున్న పాత కలుపు గింజలన్నీ పైకి వచ్చేవి.

అసలు పాఠం మూడో ఏడు నేర్చుకున్నాను. అంతవరకు ఏపుగా పెరిగిన తోటకూరను కోసుకుతిని, గిడసబారి తొందరగా వెన్ను వేసిన మొక్కలను గింజకు వదిలేసేవాణ్ణి. ఫలితంగా వాటి సంతానమూ జానెడు ఎత్తుకే పూతకు వచ్చి, ఆకు పిడికెడైనా దక్కనివ్వలేదు. ఇప్పుడు అన్నిటికన్నా ఆలస్యంగా పూసే నాలుగైదు మంచి మొక్కలనే తల్లి మొక్కలుగా ఉంచి, ముందుగా పూసినవాటిని ముందుగానే కోసేస్తున్నాను. వెన్నును అరచేతిలో నలిపితే గింజ రాలే దశలో కోసి, మడిమీదే దులుపుతాను. గంగవాయిలికి మాత్రం రెండు తల్లి మొక్కలే ఎక్కువ.

ఇంట్లోవాళ్లు పొరపాటున కోసేయకుండా ఈసారి ఆ మొక్కల కాడలకు ఎర్రని గుడ్డ పేలికలు కట్టాను.